తిరిగి ఫోన్ చేస్తాం

"నువ్వు కస్టమర్‌వి శృతీ. గట్టిగా నిలదియ్యి," అంది ట్రైనర్ అనూహ్య.

మేడ్చల్‌లోని ఆ శిక్షణ కేంద్రంలో ఆ రోజు పాఠం, కాల్ సెంటర్లలో వాడే ఇంగ్లీషు పలుకుబళ్ళు. ఎదుటి కుర్చీలో ఎల్లేష్, కంపెనీ ఉద్యోగిలా హెడ్‌సెట్ సర్దుకున్నాడు.

శృతి నిలదియ్యలేదు. "సార్, మా బాపు ఐసీయూల ఉన్నడు. ఇన్సూరెన్స్ ఎందుకు ఆపిన్రు? దవాఖానోళ్ళు ఇగ ఇంటికి తీస్కపొమ్మంటున్నరు."

"వీ విల్ లుక్ ఇన్‌టు ఇట్, మేడమ్," అన్నాడు ఎల్లేష్.

"అంటే పరిశీలిస్తామని. గుడ్!" అంది అనూహ్య.

"జర జల్దీ జూడున్రి సార్. మీ కాళ్ళు మొక్కుత." శృతి చేతులు జోడించింది.

"ప్లీజ్ బేర్ విత్ అస్. వీ విల్ గెట్ బ్యాక్ టు యూ."

"కాస్త ఓపిక పట్టండి, మేమే తిరిగి ఫోన్ చేస్తాం. భలే చెప్పావ్ ఎల్లేష్!" అనూహ్య చప్పట్లు కొట్టింది. "శృతీ, ఏం యాక్టింగమ్మా! నిజంగా ఏడ్చేశావ్."

శృతి కళ్ళు తుడుచుకుంది. "ఎల్లేష్ ఒక్క ముక్క తప్పు జెప్పలే మేడమ్. గా రోజు నాకు గూడ అచ్చం గిట్లనే జెప్పిన్రు."

అనూహ్య చేతులు ఆగిపోయాయి. ఎల్లేష్ హెడ్‌సెట్ తీసేశాడు.

"మరి... ఫోన్ చేశారా?" అనూహ్య మెల్లగా అడిగింది.

శృతి బ్యాగులోంచి ఒక పాత ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"బాపు నంబర్‌కే జేస్తమన్నరు మేడమ్. బాపు పోయి నెల దాటింది. నేను ఇంకా రోజూ దీనికి చార్జింగ్ పెడుతున్న."