సిద్ధి పరీక్షలు

పొద్దుగాల లేసుడుతోనె కనకవ్వ బిడ్డ అరచేతులకు ఆముదం రాసింది.

"గట్టిగ రుద్దకే అవ్వా, మంటవెడుతుంది."

"ఇయ్యాల పరీక్షలు బిడ్డా. గీ ఒక్కనాడు ఓర్సుకో."

సిద్ధికి పదేండ్లు. మొన్నటి దెబ్బలకు కమిలిన చేతులు ఇంక మానలె. ముద్ద గూడ కలుపుకోరాదు. చిన్నపిల్లకు వెట్టినట్టు కనకవ్వనే గటక తినిపిచ్చింది.

"లెక్కలల్ల ఇప్పుడు తప్పు పోతలేదవ్వా," అన్నది సిద్ధి. "ఉర్దూతోనె బయం."

"ఉర్దూను కొమురెల్లి మల్లన్న సూసుకుంటడు తియ్యి. పాసైతె గుడి ముందట ముగ్గుల పట్నం ఏపిస్తనని మొక్కిన."

నిజాం జమానా అది. సిద్దిపేటల దొర బంగ్ల. దౌల్తాబాదు దిక్కు దొరకు ఊర్లున్నయి. ఆ ఊర్లకెల్లి ఇంటికొకలు వచ్చి బంగ్లల వెట్టి జెయ్యాలె. కూలి లేదు, ఎందుకని అడుగుడు లేదు. ఎవలి చాకిరి ఏందో దొరనే పంచుతడు. ఒకలది నీళ్ల వెట్టి, ఒకలది కట్టెల వెట్టి. మొగడు సచ్చిన కనకవ్వది దంపుడు వెట్టి. ఎనుక కొట్టంల పొద్దుందాక వడ్లు దంచుడే.

ఆడివిల్ల బడికి పోతె మర్యాద గాదని, దొర తన బిడ్డ జ్ఞానేశ్వరికి ఇంట్లనె చదువు వెట్టిచ్చిండు. దత్తాత్రి పంతులు వస్తడు. లెక్కలు, తెలుగు, భూగోళం, ఉర్దూ, అన్ని ఆయిననే చెప్తడు. మూడేండ్ల కింద ఒకనాడు దొర సిద్ధిని గూడ పిలిపిచ్చిండు. జ్ఞానేశ్వరి పక్కన కూసుండవెట్టిండు. ఇద్దరిది ఒక్కటే ఈడు.

ఊర్ల విన్నోళ్లు నోరెల్లవెట్టిన్రు. "దంపుడుదాని బిడ్డకు దొరబిడ్డ పక్కన జాగనా! రాత అంటె గది."

కనకవ్వకు ఒక్కటే ఆశ. ఈ పరీక్షల పాసైతె ఇగ చదువు చాలిపిస్తనని దొర అన్నడు.

పంతులు వచ్చిండు. కాళ్లు గడుక్కొని లోపటికి పోయిండు. చేతిల కొత్త బెత్తం. కొట్టం కిటికీలకెల్లి సూస్తె చదువు అర్ర కనవడ్తది. కనకవ్వ రోకలి వట్టుకోని గాడ్నే నిలవడ్డది.

దర్వాజ కాడ కావలి సారయ్య నవ్విండు. "ఏందే కనకవ్వా, నీ బిడ్డ తాసిల్దారైతదా ఏంది?"

"నీ నోట్ల మన్నువడ. పాసైతె చాలు సారన్నా."

లోపట లెక్కలు మొదలైనయి.

"ఊఁ, పదమూడో ఎక్కం చెప్పమ్మా," అన్నడు పంతులు, బెల్లమసొంటి గొంతుతోని.

ఎక్కం గలగల నడిచింది. ఏడ గూడ ఆగలె. సిద్ధి మొకం ఎలిగింది. ఈడ కనకవ్వ రోకటిపోటు గూడ తేలికైంది.

తరువాత తెలుగు. పద్యం రెండు పాదాలు మంచిగనే నడిచింది. మూడో పాదంల ఆగింది. పంతులు జర సేపు సూసిండు. బెత్తం లేసింది. సిద్ధి చెయ్యి సాపింది.

కనకవ్వ కండ్లు మూసుకోని రోకలి దబదబ ఏసింది. రోకలి సప్పుడుల బెత్తం సప్పుడు ఇనవడదని.

"మంజీర ఏ దిక్కుకు వారుతది?"

జ్ఞానేశ్వరి జడకొస ముడి విప్పుకుంట కూసున్నది. సిద్ధి కండ్లు ఆ పిల్ల పెదవుల మీదనె ఉన్నయి, కదులుతయేమో అని.

సారయ్య కిటికీలకెల్లి తొంగి సూసిండు. "పక్కదాని మొకం సూస్తున్నదే నీ బిడ్డ!"

"సూడనియ్యే. సూస్తెనన్న గట్టెక్కుతదేమో."

గట్టెక్కలె. బెత్తం ఇంకోపారి లేసింది.

ఉర్దూ కాడికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. ఒక్క మాట సక్కగ రాలె. అలీఫ్ కాడ తప్పు, బే కాడ తప్పు. పంతులుకు చెమటలు వట్టినయి. సిద్ధి ఒక చెయ్యి దించి ఇంకో చెయ్యి సాపింది. అది గూడ దించి మల్ల మొదటిది సాపింది. ఏడుపు రాలె. ఏడుస్తె పంతులుకు కోపం.

కనకవ్వ రోకలి ఆగింది. రోట్లె వడ్లు ఎప్పుడో నూకలైనయి.

దొర వచ్చి కుర్సీల కూసున్నడు. "ఏమాయె పంతులూ?"

"లెక్కలు బాగున్నయి దొరవారూ. తెలుగు నయం. భూగోళం, ఉర్దూ పోయినయి."

"పోనీ. ఇంకో ఏడు చదువనియ్. తొందరేమున్నది?"

కనకవ్వ ఉరికొచ్చి దొర కాళ్ల మీద వడ్డది. "నీ బాంచెన్ దొరా, చాలిపియ్యి దొరా. బిడ్డ చేతులు పనికిరాకుంట వోతున్నయి."

దొర నవ్విండు. "చదువు వద్దనే తల్లిని నిన్నే సూస్తున్ననే! లే, లేసి పని సూస్కో."

జ్ఞానేశ్వరి ఆవులిచ్చుకుంట లోపటికి పోయింది. సిద్ధి రెండు చేతులు సంకల వెట్టుకోని అవ్వ కాడికి వచ్చింది.

"ఉర్దూ ఈసారి గూడ రాలేదవ్వా," అన్నది.

మూడేండ్లల్ల పంతులు సిద్ధిని ఒక్క ప్రశ్న గూడ అడిగింది లేదు, అడిగేది జ్ఞానేశ్వరిని, తప్పులు చెప్పేది జ్ఞానేశ్వరి, దొరబిడ్డ మీద బెత్తం లేపరాదు గనక సిద్ధిది దెబ్బల వెట్టి.