నాన్న బిగింపు

“పానా!” అంటూ చెయ్యి చాచాడు తండ్రి, సింకు కింద సగం దూరి.

కూతురు అందించింది.

“హమ్మయ్య, పానా చేతికొస్తే ప్రాణం లేచొచ్చిందే!” అని పెద్దగా నవ్వాడు. తన చమత్కారానికి తనే ముందు నవ్వడం ఆయనకు అలవాటు.

వంటగట్టు పక్కన నిలబెట్టి ఉంది, నీళ్ళను మెత్తబరిచే మెషీన్. ఆ పేటలో నీళ్ళు మహా గట్టివి. కుళాయి మూతుల చుట్టూ తెల్లటి పెచ్చులు, కెటిల్ అడుగున సున్నం. సబ్బు అరిగిపోవడమే గానీ నురగ రాదు.

“కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే వాడే వచ్చి బిగించి పోతాడు కదా మామగారూ! మీకెందుకీ శ్రమ?” అన్నాడు అల్లుడు గుమ్మంలో నిలబడి.

“వాడు పైపైన బిగిస్తాడయ్యా! ఇది పైపై పని కాదు, పైపు పని. పేటలో సగం ఇళ్ళకి పైపులు వేసి నీళ్ళు తిప్పినవాణ్ణి, నాకే మూడు చెరువుల నీళ్ళు తాగించాలని చూడకు.”

అల్లుడు గుమ్మానికి ఆనుకున్నాడు.

ఆయనకు ఈమధ్య మతిమరుపు ముదిరింది. పొద్దున తాగిన కాఫీ మధ్యాహ్నానికి గుర్తుండదు. తన చేతులు మాత్రం పనిని మరిచిపోలేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమూ పోతే పనిముట్ల సంచీ అటకెక్కుతుంది, ఆయన మంచమెక్కుతాడు. కూతురి భయమల్లా అదే.

“మన పాతింట్లో మొదటిసారి కుళాయి వేసిన రోజు గుర్తుందటే?” పైపు చివరకు తెల్ల టేపు చుడుతూ అడిగాడు. “నేనే తిప్పుతానని ఒకటే ఏడుపు. నా భుజాలెక్కి తిప్పావు. నీళ్ళు ఫట్‌మని చిమ్మాయి. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. మీ అమ్మ తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, తిట్టడంలో పడి తుడవడం మరిచిపోయింది.”

“అమ్మ మీద కూడా చల్లావుగా నువ్వు!”

“ష్, లీకు చెయ్యకు! చిన్నప్పట్నుంచీ ఇంతే, నీ దగ్గర ఏ మాటా ఆగదు. ఈ టేపు నీ నోటికి చుట్టాల్సింది.”

ఇక గొట్టాలు తగిలించడమే మిగిలింది. ఎడమ చేతిలో ఒకటి, కుడి చేతిలో ఒకటి పట్టుకుని ఆయన ఆగిపోయాడు. నీళ్ళు లోపలికి ఎటు నుంచి? బయటికి ఎటు నుంచి? ముఖం తెల్లబోయింది. నుదుట చెమట పట్టింది.

“ఇది... దీన్ని...”

గొట్టాలను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. అల్లుడు ఒకడుగు ముందుకు వేయబోతే కూతురు కళ్ళతోనే ఆపింది.

“వచ్చే నీళ్ళు కుడి పక్కనేగా నాన్నా? ఇలా ఇవ్వు, నేను పెట్టేస్తా,” అంటూ ఒక గొట్టం లాక్కుంది.

“ఓసి మొద్దూ!” ఆయన గొంతు ఖంగుమంది. “బాణం గుర్తు ఎటుందో చూడవే! లోపలికి ఎడమ, బయటికి కుడి. మరలు తిప్పేవాడి కూతురివి, మరిచిపోతే ఎలాగే?”

ఆ తర్వాత ఆ చేతులు ఎక్కడా తడబడలేదు. చివరగా తొట్టిలో ఉప్పు పోశాడు.

“ఇది ఉప్పు తిని నీళ్ళను మెత్తబరుస్తుందట. మా అల్లుడూ ఇన్నేళ్ళుగా మన ఉప్పు తింటున్నాడు, మాటైనా మెత్తబడిందా?”

ఈసారి అల్లుడు కూడా నవ్వాడు.

“తిప్పవే!”

కూతురు తిప్పింది. కుళాయి రెండుసార్లు దగ్గి, ధారగా నీళ్ళు వదిలింది. ఆయన సబ్బు రుద్దుకున్నాడు. అరచేతుల నిండా నురగ! కొంచెం తీసి కూతురి ముక్కు మీద పెట్టాడు, చిన్నప్పుడు పెట్టినట్టే.

“చూశావా, నా బిగింపు! నేనున్నంతకాలం ఇది కదలదు,” అంటూ హాల్లోకి వెళ్ళి పడక్కుర్చీలో వాలాడు. కాసేపటికే గురక వినిపించింది.

కూతురు ముక్కు మీద నురగ తుడుచుకోలేదు. మెషీన్ వైపు ఒకసారి చూసి, భర్త వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది:

“వచ్చే ఆదివారానికి దీన్ని విప్పి ఉంచడం ఈసారి మీ వంతు.”