ఎండ్రకాయ కాపలా

గుట్ట కింద చిన్న వాగులో ఒక ఎండ్రకాయ ఉండేది. దానికి ఎవరి మీదా నమ్మకం లేదు. వానలు మొదలవగానే అద్దంలాంటి నీళ్ళు ఎర్రబడ్డాయి. చేపపిల్లలు ఊపిరాడక పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

"నువ్వు పొర్లబట్టే కదూ ఈ బురద?" అని ఎండ్రకాయ వాగు మడుగులో పడుకున్న బర్రెను నిలదీసింది.

"నేను ఈ మడుగు దాటి ఎక్కడికి పోయాను తమ్ముడూ? బురద పైనుంచి వస్తోంది, పోయి చూడు," అంది బర్రె.

తప్పించుకోవడానికే అలా అంటోందనుకుంది ఎండ్రకాయ. అయినా మనసు ఊరుకోక, నీటికి ఎదురు పాకుతూ గుట్ట ఎక్కింది.

అక్కడ గడ్డిపరక లేదు. వాన పడ్డచోటల్లా మట్టి కరిగి వాగులోకి జారుతోంది. ఒక మేక మిగిలిన వేళ్ళు కొరుకుతోంది.

"గుట్టంతా బోడి చేసింది నువ్వా?" అంది ఎండ్రకాయ.

"నువ్వు మేయమంటేనే కదా బావా? గడ్డిలో పాములు దాక్కుంటాయని, ఒక్క పరక కూడా ఉంచొద్దని ఎండాకాలంలో వచ్చి బతిమాలింది నువ్వే."

ఎండ్రకాయ గుట్ట దిగివచ్చింది.

"దొంగ దొరికాడా?" అని అడిగింది బర్రె.

"మనలోనే ఉన్నాడు," అంది ఎండ్రకాయ, బర్రెకేసి ఓరగా చూస్తూ.

అప్పటినుంచి వాగులో అందరూ ఒకరినొకరు కాపలా కాసుకుంటున్నారు. గుట్ట మీద మేక మాత్రం నిశ్చింతగా వేళ్ళు కొరుకుతూనే ఉంది.