జామీను సంతకం

“ఏదైనా అడుగు, సంతకం మాత్రం అడగొద్దు” అంటూ బాలకోటయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

ఎదురుగా కాగితం పట్టుకుని ఆదిల్ నిలబడి ఉన్నాడు. బాలకోటయ్య వాళ్ళ మేడ మీది గదిలో అద్దెకుంటూ ఇంజినీరింగు చదువుతున్న కుర్రాడు. నరసరావుపేటలో అలాంటి విదేశీ విద్యార్థులందరినీ కలిపి ‘ఆఫ్రికా పిల్లలు’ అనేస్తారు. ఏ దేశమని అడిగే ఓపిక ఎవరికీ లేదు. బాలకోటయ్యకి అసలే లేదు.

ఆదిల్ అడిగింది పెద్ద కోరికేం కాదు. ఏటా వీసా రెన్యువల్ తనే ఆన్‌లైన్లో చేసుకునేవాడు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ వార్డెన్ లెటరు ఇచ్చేవాడు. కిందటి రెన్యువల్ అయ్యాక గది తీసుకున్నాడు కాబట్టి ఈసారి ఇంటి ఓనరు ఇవ్వాలి. ఈ అబ్బాయి మా ఇంట్లో ఉంటున్నాడు అని ఒక్క ముక్క, కింద ఒక సంతకం.

“ఇది జామీను కాదంకుల్” అన్నాడు, వచ్చిన తెలుగులో.

“ముందు అందరూ అట్నే అంటారబ్బాయ్.”

బాలకోటయ్య భయానికి కారణం లేకపోలేదు. వాళ్ళ నాన్న ముప్పాళ్ళలో ఓ కొట్లాట కేసులో ముద్దాయికి జామీను ఉన్నాడు. ముద్దాయి పరారయ్యాడు. పెద్దాయన చెప్పులరిగేలా కోర్టు చుట్టూ తిరిగి, పోయే ముందు కొడుకు చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. అప్పట్నుంచి బాలకోటయ్య తన ఇనుప సామాన్ల కొట్టులో బిల్లు మీద తప్ప ఎవరి కాగితం మీదా సంతకం పెట్టలేదు.

“వీసా రాకపోతే ఏమైద్ది? మీ ఇంటికి పోతావు, అంతేగా.”

“ఇల్లు లేదంకుల్. కాల్చేశారు.”

బాలకోటయ్య అయ్యో అన్నాడు. చేతులు మాత్రం ముందుకి రాలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర కోటేశ్వరమ్మ మొగుడికి నచ్చజెప్పబోయింది. పిల్లోడు నెమ్మదస్తుడని, నీళ్ళ క్యాను కనబడితే తనని మోయనివ్వడని చెప్పింది. “మనింట్లో ఉండేది నిజమేగా. నిజం రాసిచ్చేదానికి ఏందండీ మీ బాధ?” అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాడాయన. ఆమె కంచాలు తీసేసింది.

ఆదిల్ వీసాల ఏజెంటు రవిచంద్ర దగ్గరికి వెళ్ళాడు. రవిచంద్ర మాటలు కోటలు దాటుతాయి. ఓనరు లెటరు లేకపోయినా పెట్టేద్దాం, ఎంక్వయిరీకి వచ్చినప్పుడు ఆయన ‘ఉంటున్నాడు’ అంటే చాలు, ఆ మాత్రం అనడా అని ధైర్యం చెప్పి అప్లికేషను పంపేశాడు.

ఎంక్వయిరీ రానే వచ్చింది. కానిస్టేబులు నేరుగా కొట్టుకే వచ్చాడు. పిలిపిస్తే ఆదిల్ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొట్టు నిండా బేరాల వాళ్ళు.

“ఈ అబ్బాయి మీ ఇంట్లోనే ఉంటున్నాడాండీ? ఉంటే ఇక్కడొక సంతకం పెట్టండి.”

మళ్ళీ సంతకం. బాలకోటయ్య చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

“మా ఇంట్లోనా? ఈ అబ్బాయెవరో నాకు తెలవదండీ” అన్నాడు.

అన్నాక గుమ్మం వైపు చూశాడు. ఇక వీడు నోరు విప్పుతాడు, మేడ మీద గది చూపిస్తాడు, విదేశీయుణ్ణి పెట్టుకుని పోలీసులకి చెప్పలేదని కేసు తన మీదికొస్తుంది అనుకున్నాడు.

కానిస్టేబులు ఆదిల్ వైపు తిరిగాడు. “ఏం బాబూ, ఆయన అట్టంటున్నాడు?”

ఆదిల్ బాలకోటయ్యని ఒక్కసారి చూశాడు.

“నిజమే సార్. నేనే తప్పు అడ్రసు ఇచ్చాను.”

బాలకోటయ్య బతికాననుకున్నాడు. సిగ్గు కూడా వేసింది గానీ, బేరాల్లో పడి మర్చిపోయాడు.

వీసా రాలేదు. దేశం విడిచి వెళ్ళమని ఆర్డరు వచ్చింది. రవిచంద్ర ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆదిల్ గది ఊడ్చి, తాళంచెవి కోటేశ్వరమ్మ చేతిలో పెట్టాడు. ఎక్కడికి పోతావయ్యా అని ఆమె ఏడ్చింది. ఎవరు రానిస్తే అక్కడికమ్మా అన్నాడు. ఆటో సందు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. బాలకోటయ్య ఆ పొద్దు కొట్టు నుంచి ఆలస్యంగా వచ్చాడు.

వారం గడిచాక మస్కట్ నుంచి తమ్ముడు మురళీధర్ ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, ఇద్రీస్ గారు బతికే ఉన్నాడు! ఇయ్యాల ఫోన్ చేశాడు.”

బాలకోటయ్య లేచి నిలబడ్డాడు. ఇద్రీస్ పేరు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మురళీధర్ అంతకు ముందు సూడాన్లో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. యుద్ధం మొదలై, ఫ్యాక్టరీతో పాటు పాస్‌పోర్టు కూడా తగలబడిపోతే, ముక్కూ మొహం తెలియని ఇద్రీస్ అతన్ని తన ఇంట్లో దాచాడు. తుపాకుల వాళ్ళు వచ్చి అడిగితే నా తమ్ముడే అన్నాడు. ఓడ ఎక్కే దాకా తోడొచ్చాడు. ఆ తర్వాత ఆయన జాడ తెలియలేదు. బాలకోటయ్య దంపతులు కోటప్పకొండ ఎక్కినప్పుడల్లా ఆయన పేరున దీపం పెట్టి వస్తారు.

“ఆయన రుణం తీర్చుకునే రోజొచ్చిందిరా” అన్నాడు బాలకోటయ్య. “ఏం కావాలన్నా చేద్దాం. అడుగు.”

“ఏమీ వద్దంట అన్నయ్యా. నేను చెప్పిన కబుర్లు విని కొడుకుని చదువుకి మన పేటకే పంపాడంట, చేసిన మేలు చెప్పుకుని నీడ అడగొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడంట. ఆ పిల్లోడు నిరుటి నుంచీ మన మేడ మీదే ఉంటున్నాడంట గదా, ఫోన్ ఒక్కసారి ఆదిల్‌కియ్యి.”