పావు చుట్టు

కారు కింద పళ్ళెమంత నల్ల మరక చూసి భార్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఇంకొక్క చుక్క ఆయిల్ కారినా సరే, ఈ తాతల నాటి కారును అమ్మిపారేద్దామని ఆమె పోయిన నెలలోనే తేల్చి చెప్పింది. అప్పుడు భర్త బుద్ధిమంతుడిలా తల కూడా ఊపాడు.

"మాటంటే మాటే. సాయంత్రం కొనేవాళ్ళకి ఫోన్ చేస్తాను," అంది.

మామయ్యగారిని ఒక్కసారి చూడనిమ్మని అతను బతిమాలాడు. నాన్న ఎన్నిసార్లని చూస్తారు, ఆయన బాగుచెయ్యడమూ ఇది మళ్ళీ కారడమూ తప్ప ఇన్నాళ్ళూ జరిగిందేమిటని ఆమె నిలదీసింది. తనకు సవతి లేని లోటు ఈ కారు తీరుస్తోందని కూడా అంది.

అతను నోరు మెదిపితే గుట్టు బయటపడుతుంది. ఇన్నాళ్ళూ ఆయిల్ కారడంలో కారు తప్పేమీ లేదు. అంతా అతని చేతి చలవే. కొత్త రకం కార్ల రోజులొచ్చి మామగారి మెకానిక్ షెడ్డు మూతపడ్డాక, పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, పేపరైనా విప్పకుండా పొద్దు పుచ్చేవారు. "మీ మామయ్యగారు నిన్నటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు బాబూ," అని అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ఈ అల్లుడు కారు కిందికి దూరి, ఆయిల్ ఫిల్టర్‌ను పావు చుట్టు వదులు చేసేవాడు. తెల్లారేసరికి మరక తయారు. కబురు అందగానే మామగారు పాత చొక్కా తొడుక్కుని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని, పెళ్ళికి బయల్దేరినంత హుషారుగా వచ్చేవారు. పనయ్యాక అన్నం మారు అడిగి మరీ వేయించుకునేవారు.

కానీ భార్య అమ్ముతానన్న దగ్గర్నుంచీ అల్లుడు ఫిల్టర్ జోలికే పోలేదు. కారు పోతే మామగారికి ఉన్న ఒక్క పనీ పోతుంది. మరి ఈ మరక ఎక్కడిది? తిప్పి తిప్పి తనే ఇంజన్‌ను పాడు చేశాడా? అతను వెంటనే మామగారికి ఫోన్ చేశాడు.

మామగారు కాఫీ అయినా తాగకుండా వచ్చేశారు. అట్టముక్క పరుచుకుని కారు కిందికి జరిగారు. కాసేపటికి కింద నుంచి కూనిరాగం వినిపించింది. ఫిల్టర్ ఊడదీసి బయటికి అందించి, దాని రబ్బరు రింగు ఇంజన్‌కు అతుక్కుని ఉండిపోయిందేమోనని వేలితో తడిమి చూశారు. పాతది ఉండగా కొత్తది సరిగా కూర్చోదని, అల్లుడికి ప్రతిసారీ చెప్పే పాఠమే మళ్ళీ చెప్పారు. సంచిలో తెచ్చిన కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ రాసి వట్టి చేత్తోనే బిగించారు. దీన్ని రెంచీతో బిగించేవాడు మెకానిక్ కాదు, వస్తాదు అన్నారు.

ఇంజన్ స్టార్ట్ చేసి, కింద తెల్ల కాగితం పరిచి, ముగ్గురూ వంగి చూశారు. కాగితం తెల్లగానే ఉంది.

"మళ్ళీ కారదని హామీ ఇస్తారా నాన్నా?" అని కూతురు సూటిగా అడిగింది.

"ఇవ్వనమ్మా. పాత ఇంజన్‌కి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. నేనున్నానుగా. నెల నెలా వచ్చి చూసిపోతాను."

ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. ముక్కు మీద నల్ల మసి, కళ్ళ నిండా వెలుగు. కోపం ఎటు పోయిందో పోయింది. కొంగుతో ఆయన ముక్కు తుడిచి, వచ్చినప్పుడల్లా భోజనం చేసే వెళ్ళాలని షరతు పెట్టి లోపలికి వెళ్ళింది. కారు బతికిపోయింది. అల్లుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ క్షణాన ఎవరు ఎదురొచ్చినా చేతులెత్తి దణ్ణం పెట్టేసేవాడే.

పెరట్లో మామగారి చేతుల మీద నీళ్ళు పోస్తున్నాడు. పెద్దాయన సబ్బు రుద్దుకుంటూ, తలెత్తకుండా అన్నారు.

"మీకు రుణపడిపోయాను బాబూ. నన్ను మూల కూర్చోనివ్వలేదు. కన్నకొడుకైనా ఇంత ఆలోచించడు."

అల్లుడి చేతిలో మగ్గు ఆగిపోయింది. "మీకు తెలుసా?"

"ఫిల్టర్ దానంతటదే వదులైందో, ఎవరి చెయ్యైనా పడిందో, ఆ మాత్రం పోల్చుకోలేనా? తెలిసే వచ్చేవాణ్ణి. నన్ను పిలవాలని ఒకరు ఇన్ని పాట్లు పడుతున్నారు కదా అని సంతోషంగా వచ్చేవాణ్ణి."

అల్లుడికి కళ్ళు చెమర్చాయి. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చి మాట తడబడింది.

"కానీ మామయ్యగారూ, మీ మీద ఒట్టు, ఈసారి నేను దాన్ని ముట్టుకోనే లేదు."

మామగారు చేతులు విదిలించుకున్నారు. కూతురు వినేంత దూరంలో లేదని చూసుకుని గొంతు తగ్గించారు.

"తెలుసు బాబూ. మీ పిలుపు కోసం చూసి చూసి, నిన్న సాయంత్రం అమ్మాయిని చూసిపోదామని వచ్చినప్పుడు నేనే వదులు చేసి వెళ్ళాను."