లారీకి ముందు నడిచే మనిషి

"నా ఖాకీ అంగీ ఏది?"

"పొయ్యికాడ ఉంది."

"పొయ్యికాడ ఎందుకుంది?"

"కుండ దించనీకి మసిగుడ్డ చేసిన. తొడిగేటోడు లేకపాయె."

హాతీరాం అరుగు దిగి వచ్చాడు. డ్రైవరు అంగీని మసిగుడ్డ చేసిన ఆడది తండాలో ఇంకొకతె ఉంటే చూపించమన్నాడు. లారీ దిగి ఇంట్లో కూర్చున్న డ్రైవరు ఇంకొకడుంటే ముందు నువ్వు చూపించు అంది మోతీ.

గడపలో కూర్చున్న అత్త గోరి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ లొల్లి అయినంక గా గుడ్డ ఇటియ్యుండ్రి, గంజి దించాలె."

అంతలో తండా మొదట్లో ఎవరో తెల్లధోవతి మనిషి కనిపించాడు. హాతీరాం మారుమాట లేకుండా ఇంటి వెనక కందిచేనులోకి జారుకున్నాడు. ఎలక్షన్లప్పుడు సర్కారోళ్ళు జీపులో వచ్చి లారీలతోపాటు డ్రైవర్లనూ పట్టుకుపోయినప్పటినుంచి తండాలో అందరికీ అదే అలవాటు.

"డ్రైవర్ హాతీరాం ఇల్లు ఇదేనా బిడ్డా?"

"ఇంట్ల లేడు."

"భయపడకు. జీపు లేదు, కాళ్ళమీదనే వచ్చిన."

మోతీ తేరిపార చూసింది. అరవైకి దగ్గర పడిన మనిషి. పిక్కలు దాటి బురద. ఒక చెప్పు తెగితే తాటినారతో కట్టుకున్నాడు.

"గోదాంల రెండ్రూపాయల బియ్యం మురిగిపోతున్నయి," అన్నాడాయన. "లారీ ఉంది. వాగు అవతలి గూడేలకు తోలేటోడే లేడు."

మోతీ అక్క జమ్లి ఉండేది ఆ వాగు అవతలే. పిల్లలు అడవి గడ్డలు ఉడకేసుకుని తింటున్నారని మొన్ననే కబురు వచ్చింది.

మోతీ చేను వైపు తిరిగింది. "రావయ్యా, సర్కారు కాదు. గోదాం మనిషి."

ఆయన అవుననలేదు, కాదనలేదు.

హాతీరాం గట్టుమీద నిలబడే చెప్పాడు. "నేను రాను పెద్దాయనా. క్లీనర్ లేంది వాగుల బండి దించ."

ఆ దారిలో పద్ధతి అది. వాగు దగ్గర క్లీనరు దిగి, లారీకి ముందు నీళ్ళలో నడుస్తాడు. అతని కాలు ఆనిన చోటే చక్రం ఆనాలి. హాతీరాం దగ్గర క్లీనరుగా ఉన్న దేవ్లా అడవి జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఇంకొకడు దొరకలేదు. తండా కుర్రాళ్ళలో సగం మంది సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీలెక్కారు. మిగతా సగం బొగ్గుబాయిల దారి పట్టారు.

"క్లీనరుగ నేనొస్త," అన్నాడు పెద్దాయన.

హాతీరాం నవ్వాడు. "నీకు వాగెరుకేనా?"

"ఆ ఒడ్డునే పుట్టిన తమ్మీ."

హాతీరాం ఇంకా తటపటాయించాడు.

"జమ్లక్క పిల్లలయ్యా," అంది మోతీ.

హాతీరాం గట్టు దిగాడు.

దారికి రొట్టెలు చేస్తూ మోతీ బయటికి తొంగిచూసింది. "ఊకె కూసునుడెందుకు తాతా, గా కట్టెలు రెండు చీల్చరాదు."

ఆయన లేచి గొడ్డలి అందుకున్నాడు. హాతీరాం బీడీ ముట్టించుకుని చూస్తూ కూర్చున్నాడు.

"ఏం జేస్తే మీ డ్రైవర్లంతా మర్లొస్తరు తమ్మీ?" అన్నాడాయన కట్టె తిప్పుతూ.

"వాగుమీద బ్రిడ్జి కట్టమను. జరమొస్తే మందియ్యమను. ఏ నెల జీతం ఆ నెల ఇయ్యమను. ఎవలు రారో చూద్దాం."

"చెప్పిన. ఏడాది సంది చెప్తనే ఉన్న."

"ఎవలికి జెప్పినవ్? గోదాం తలుపుకా?"

గోరి పక్కున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. "అవ్. గట్లనే ఉంది."

మోతీ ఆయనకు అరుగు కింద ఆకులో రొట్టె పెట్టింది. తిన్న ఆకు ఆయనే తీసి పారేశాడు. జల్దీ నడువు క్లీనరూ, అని హాతీరాం కేక వేస్తే తెగిన చెప్పు ఈడ్చుకుంటూ వెంట వెళ్ళాడు.

మర్నాడు పొద్దుగూకే వేళకు హాతీరాం నడిచి వచ్చాడు. ఒక్కడే.

"జమ్లక్కకు?"

"బియ్యం ముట్టినయి."

"లారీ ఏది? తాత ఏడి?"

హాతీరాం కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. గోరి పక్కన కూర్చుంది. మోతీ జొన్న గటక పెట్టి చారు పోసింది. అతను ముద్ద కలిపాడు గాని నోట పెట్టుకోలేదు.

"పోయేటప్పుడు బాగనే దాటించిండు. నడుముల దాక నీళ్ళున్నా ఎనకకు తిరిగి చూడలే," అన్నాడు. "మర్లొచ్చేటప్పుడు కొండలల్ల వాన పడ్డది. నడిమిట్లకు పోయి, ఆగుమని చెయ్యెత్తిండు. నేను బ్రేకు తొక్కిన. చూసేవరకు చెయ్యి లేదు."

మోతీ చారు గిన్నె కింద పెట్టింది. "దొరికిండా?"

"కింద మలుపుకాడ. గూడెమోళ్ళు ఎదురుపోయి తీసిండ్రు. లారీ ఆ ఒడ్డుకే వదిలేసిన. నీళ్ళు తగ్గినంక తాడు పట్టుకోని దాటిన."

"పేరేంది పాపం ఆయనకు?"

"నేనడుగలే. క్లీనర్ అనే పిలిచిన. ఆయన ఎవలో గూడెమోళ్ళు చెప్పినంకనే ఎరుకైంది."

హాతీరాం పళ్ళెం పక్కకు జరిపాడు.

"ఇగ స్టీరింగ్ ముట్ట," అన్నాడు హాతీరాం. "రేపు పొద్దుగాల బొగ్గుబాయికి పోత."

"గోదాంల ఇంకా బియ్యమున్నయి గదయ్యా. ఇంకో క్లీనరును దేవులాడుకో," అంది మోతీ.

"ఎవలున్నరు మోతీ? ఇంత అడివిల లారీ ముందట నడువనీకి మన ఎమ్మెల్యే ఒక్కడే దొరికిండు, ఇప్పుడు ఆయన గూడ లేడు."