డీఫ్రాగ్ పూర్తయ్యేదాకా

కరుణ షట్టర్ కిందికి లాగుతుండగానే ఒక పెద్దాయన వంగి లోపలికి దూరాడు.

"జర ఆగు బిడ్డా, బయట కొడుతున్నరు."

షట్టర్ దడాలున నేలకు తగిలింది. ఫోటో స్టూడియోలో చీకటి. మిగిలింది కంప్యూటర్ వెలుగే.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. పొద్దున మహబూబాబాద్ స్టేషన్‌లో విద్యార్థులు పట్టాల మీద కూర్చుని రైలు ఆపారు. మధ్యాహ్నానికి లాఠీచార్జి మొదలైంది. స్టేషన్ రోడ్డంతా ఉరుకులు, కేకలు, తెగిన చెప్పులు.

వచ్చినాయన స్టూలు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. కరుణ ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. పలకరించే తీరికా లేదు.

పొద్దుటి రైల్‌రోకోను ఆమే వీడియో తీసింది. కంప్యూటర్‌లోకి ఎక్కించి, కెమెరా కార్డు ఖాళీ చేసింది. సాయంత్రంలోగా టీవీ వాళ్ళకు ఇవ్వాలి. తీరా ఎడిట్ చేద్దామంటే కంప్యూటర్ మొరాయించింది. చెదిరిన ఫైళ్ళను సర్దే డీఫ్రాగ్ పెట్టింది. అది సగం కాకముందే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"హార్డ్ డిస్క్ నిండింది కాకా. ఫైళ్ళు ముక్కలు ముక్కలై తలా ఓ దిక్కు పడ్డయి. ఒక్క తాన చేర్చుదామంటే, జరిపేటందుకు జాగ లేదు."

తెర నిండా సన్నటి ఎర్రగీతలు. ఖాళీ జాగాను చూపించే తెలుపు ఎక్కడో ఒక చార.

"అయితే ఏదన్న తీసెయ్యి."

"ఏం తియ్యాలె? అన్ని జనాల పెండ్లిళ్ళే. చిట్యాలోళ్ళయి, జఫర్‌గఢోళ్ళయి. ఇంకా వాళ్ళకు డీవీడీలు గూడ ఇయ్యలే."

"అన్నిట్ల పెద్దది ఏది?"

"పొద్దుటి రైల్‌రోకో."

"ఏదీ, చూపియ్యి."

చూపించింది. ఇంజన్ ముందు జెండా పట్టుకుని ఒక కుర్రాడు, వెనుక పట్టాల మీద వరుసగా అమ్మాయిలు, అబ్బాయిలు.

"ముందటోడు మా తమ్ముడే, రాకేశ్" అంది గర్వంగా.

ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"గిదే తీసెయ్యి."

కరుణ చివ్వున తిరిగింది. "ఏంది కాకా, తెలంగాణ అంటే నీకు పడదా?"

"ఎందుకు పడదు? కని మొఖాలు సాఫ్‌గ కనవడుతున్నయి. ఠాణాల గూడ టీవీ ఉంటది బిడ్డా. రైలు ఆపిన కేసు మీద పడితే, పిలగాండ్లకు రేపు నౌకరీ ఎవ్వడిస్తడు?"

"నన్ను భయపెట్టనీకి వచ్చినవా?"

ఆయన జేబులో ఫోన్ మోగింది. చూసి నొక్కేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేశాడు.

బయట బూట్ల చప్పుడు. "కొట్టకున్రి సార్, కొట్టకున్రి" అని ఎవరో పిల్లవాడి ఏడుపు.

రాకేశ్ ఇంకా ఇంటికి చేరినట్టు ఫోన్ రాలేదు.

కరుణ మౌస్ అందుకుంది. రైల్‌రోకోను తీసేసింది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసింది.

"ఇగ దొరకదా?"

"తెలిసినోళ్ళు వెతికితే దొరుకుతది. డీఫ్రాగ్ పూర్తయితే ఆ జాగల వేరే ఫైళ్ళు వచ్చి కూసుంటయి. అప్పుడు ఎవ్వనితరం గాదు."

"అయితే పూర్తి చెయ్యి. జల్ది."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది.

వెనక నడుస్తున్న యాంటీవైరస్‌ను ఆపేసింది. ఎడిటింగ్ ప్రోగ్రాం మూసేసింది. స్క్రీన్‌సేవర్ తీసేసింది. డిస్కులో తప్పులుంటే సరిచేయమని చెప్పి కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ లేపింది. అది తీరిగ్గా తనిఖీ చేసుకుంటుంటే ఇద్దరూ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. లోపల ఉక్కపోత. బయటికి పోయే దారి లేదు. షట్టర్ కింది సందులోంచి నీడలు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి.

చివరకు డీఫ్రాగ్ కదిలింది. ఎర్రగీతలు ఒక్కొక్కటే నీలంగా మారసాగాయి.

అప్పుడే షట్టర్ మీద లాఠీ దెబ్బ పడింది.

"ఎవర్రా లోపల?"

కరుణ కంప్యూటర్ ఆపబోయింది.

ఆయన లేచాడు. "దాన్ని మాత్రం ఆపకు" అని మెల్లగా చెప్పి, షట్టర్ కొంచెం లేపి బయటికి పాకాడు. వెంటనే దించేశాడు.

బయట ఏవో మాటలు. ఒక్క దెబ్బ చప్పుడు కూడా వినపడలేదు. బూట్లు దూరమయ్యాయి.

కొట్టకుండా ఎట్లా వదిలారు? ఆయన పోలీసుల మనిషేనేమోనని అప్పుడు తట్టింది కరుణకు. నీలిగీతలు చివరిదాకా పోయి, పని పూర్తయిందని తెర చెప్పినా ఆమె లేవలేదు.

సాయంత్రం పోలీసులు రానే వచ్చారు. కంప్యూటర్ తెలిసిన మనిషిని తోలుకొచ్చారు. అతను ఎంత వెతికినా పెళ్ళిళ్ళే దొరికాయి.

"మొత్తం డీఫ్రాగ్ అయింది సార్. ఇగ రాదు" అన్నాడతను.

ఆ రాత్రి రాకేశ్ క్షేమంగా ఇల్లు చేరాడు. వీడియోలో ఉన్న పిల్లల్లో ఎవరి మీదా కేసు కాలేదు.

అయినా ఆ పెద్దాయన మీద కరుణ కోపం చల్లారలేదు. కొన్నాళ్ళకు ఎదురుగా చాయ్ అమ్మే బాబామియాతో అంది.

"ఆ దినం నా దుకాణంల దూరినాయన పోలీసోళ్ళ మనిషే కాకా. వాళ్ళకు చెప్పి తోలింది ఆయననే. మల్ల కనవడితే దులిపేస్త."

బాబామియా చాయ్ వడపోస్తున్నవాడల్లా ఆగాడు.

"ఇగ కనవడడమ్మా. ఇల్లు ఖాళీ చేసి, పెండ్లాం పిల్లలతోని ఊరిడిసి పోయిండు."

"ఎందుకు?"

"హెడ్ కానిస్టేబుల్ అబ్దుల్ బారీ గాయన. నీ కంప్యూటర్ ఎత్తుకరమ్మని మఫ్టీల తోలితే, ఉత్తచేతులతోని పోయి నౌకరీ పోగొట్టుకున్నడు."